ఆయుధపూజకి ఆపేసిన పెట్టె

రామతులసి గొంతు పోగొట్టింది ఆమె సొంత తమ్ముడు లోకనాథ్. ఇందులో వాదనకి చోటు లేదు. పంతులుగారు పక్కనే ఉన్నారు, కూలీలు చూశారు, అతనూ కాదనలేదు.

రామతులసి నా భార్య. పోయి రెండేళ్లు దాటింది. కడియపులంకలో మాకు మొక్కల నర్సరీ ఉంది. మొక్కల్ని నేను చూసుకునేవాణ్ణి, మనుషుల్ని ఆవిడ చూసుకునేది. నాకు మనుషులతో పడదు. ఆవిడకీ పడేది కాదు గానీ, ఆ సంగతి వాళ్ల మొహం మీదే చెప్పేసేది. జనానికి అది నచ్చేది. లారీలు వేసుకుని ఆవిడ దగ్గరికే వచ్చేవాళ్లు.

మామిడి అంటు కొన్నవాడికి దాని కాయ ఏంటో తెలిసేది మూడు నాలుగేళ్ల తర్వాత. అప్పుడు తిరిగొచ్చి, నేనడిగిన రకం ఇది కాదంటాడు. ఏం అడిగాడో అతనికీ గుర్తుండదు. అలాంటి తగువులు కొన్ని పడ్డాక రామతులసి కౌంటర్ మీద మాట కూడా పట్టే కెమెరా బిగించింది. దాంతో పాటు ఆఫీసు గదిలో ఒక పెట్టె పెట్టించింది. నాస్ అంటారు దాన్ని. చెప్పుల డబ్బా అంత ఉంటుంది, లోపల రెండు హార్డ్ డిస్కులు. కెమెరా చూసిందీ విన్నదీ అందులో పడుతుంది. నెల తిరిగేసరికి పాతది చెరిగిపోతుంది. అయితే కొనేవాడు ఏ రకం కావాలన్నాడో ఆ ముక్క మాత్రం చెరగకుండా విడిగా దాచమని లోకనాథ్‌కి చెప్పేది. ఆ ఫోల్డరుకి 'మాట' అని పేరు పెట్టించింది.

ఆవిడ పోయాక నాకు మిగిలింది ఆ ఫోల్డరే. ఫొటోలంటే ఆవిడకి చిరాకు. ఫోన్లో వాయిస్ మెసేజులు పెట్టే ఓపిక లేదు. ఫోన్ చేసి అరిచేది, పెట్టేసేది. పెళ్లి ఫొటోలున్నాయి. వాటికి నోరు లేదు. నా భార్య గొంతు వినాలంటే మొక్కలు కొనడానికొచ్చిన పరాయివాళ్లతో ఆవిడ ఆడిన తగువులే వినాలి. రోజూ పొద్దున్న టీ తాగుతూ ఒకటి పెట్టుకునేవాణ్ణి.

"ఎన్నేళ్లకి కాస్తుందండీ?"

"నీళ్లు పోస్తే మూడేళ్లకి. పోయకపోతే మీ మనవడికి."

"మా ఇంట్లో ఆవిణ్ణి అడిగి చెప్తానండి."

"అయితే ఆవిణ్ణే పంపండి. మీతో నాకేం పని?"

ఇలాంటివి. ఒక్కదాంట్లో మాత్రం నేనూ ఉన్నాను. కనబడను, వినబడను. కొనేవాడు రకం పేరు చెప్తుంటే ఆవిడ మధ్యలో తల తిప్పి మొక్కల వైపు కేకేస్తుంది. "ఏవండీ, ఆ గరుడవర్ధనాలకి నీళ్లు పెట్టారా? పెట్టలేదు. నాకు తెలుసు." మళ్లీ అతని వైపు తిరుగుతుంది. నాతో మాట్లాడింది ఆ ఒక్కటే ఉంది. దాన్ని రోజూ వినేవాణ్ణి కాదు. అరిగిపోతుందని కాదు, అవి అరగవని తెలుసు. ఊరికే.

నర్సరీలో దసరాకి ఆయుధపూజ ఘనంగా చేస్తాం. అంటు కత్తులు, కత్తెరలు, గునపాలు, మందు కొట్టే స్ప్రేయర్లు, నీటి మోటారు, ట్రాలీ ఆటో, అన్నీ కడిగి పసుపు కుంకుమ పెట్టి వరసగా నిలబెడతాం. ఆ పూట ఏ యంత్రమూ తిరక్కూడదు. రామతులసి ఫ్యాన్లు కూడా తిరగనిచ్చేది కాదు. చెమటలు కారుతూ కూర్చునేవాళ్లం.

మొన్న దసరా పొద్దున్న లోకనాథ్ ఆఫీసు కంప్యూటర్ తుడిచి తెరిచాడు. పెట్టె తన లోపలి సాఫ్ట్‌వేర్ కొత్తది వేసుకుంటానని అడుగుతోందట. పండగపూట దానికీ కొత్తబట్ట కడదాం అనుకుని నొక్కాడు. నన్నడగలేదు. అది మెల్లగా ఎక్కుతోంది. మధ్యలో కరెంటు తీయొద్దని తెర మీద రాసే ఉంది. ఈలోగా పంతులుగారు "వర్జ్యం వచ్చేస్తోందండి, కానివ్వండి, కానివ్వండి" అని తొందరపెట్టారు. లోకనాథ్ ఆఫీసు గదిలోకి పరుగెత్తి, ఉన్న స్విచ్చులన్నీ ఆపేశాడు. దానిదీ ఆపేశాడు. పెట్టె తెచ్చి పసుపు రాసి, మూడు కుంకుమ బొట్లు పెట్టి, కత్తుల పక్కన కూర్చోబెట్టాడు. హారతి అయ్యాక తీసుకెళ్లి స్విచ్చి వేశాడు. వెలగలేదు.

ఆ మధ్యాహ్నమంతా వేశాడు, తీశాడు. సాయంత్రానికి నాకు చెప్పాడు.

"ఎందుకు ఆపావు?"

"అక్కుంటే అన్నీ ఆపించేది కదండీ బావగారూ."

"అక్కుంటే నీ చెయ్యి విరగ్గొట్టేది."

అప్పటికి ఇంకా వెళ్లని పంతులుగారు కలగజేసుకున్నారు. "దేవుడి పనిలో జరిగింది కదండీ, ఆయనే చూసుకుంటాడు."

"ఆయనకి కంప్యూటర్ పని వచ్చా?" అన్నాను. పంతులుగారు ప్రసాదం సంచి తీసుకుని వెళ్లిపోయారు.

లోకనాథ్ తల్లి లేనివాడు. రామతులసి కాపురానికొచ్చినప్పుడు ఆవిడ చెయ్యి పట్టుకుని వచ్చాడు. మాకు పిల్లలు లేరు. ఆవిడే పెంచింది, ఆవిడే పెళ్లి చేసింది. ఇప్పుడు వేమగిరిలో కాపురం, పని మా నర్సరీలో. ఇవన్నీ నాకు తెలియనివి కావు. తెలిసే చెప్పాను. "ఆవిడ గొంతు తిరిగొస్తే నువ్వు పన్లోకి రా. రాకపోతే ఈ గేటు దాటకు."

మర్నాటి నుంచి గేటు దాటలేదు. గేటు బయటే నిలబడ్డాడు. లారీ వస్తే వెనక్కి రానిచ్చేందుకు చెయ్యి ఊపేవాడు, కొనడానికొచ్చినవాళ్లకి ఏ మడి ఎక్కడుందో రోడ్డు మీంచే చెప్పేవాడు. కూలీలు నవ్వుకున్నారు. నేను నవ్వలేదు, పొమ్మనలేదు. రోడ్డు నాది కాదు.

ఒకరోజు గేటు అవతలి నుంచి కేకేశాడు. "బావగారూ, రాజమండ్రిలో ఒకావిడ ఉందటండీ. రూబీ గారని. దానవాయిపేటలో. ఇలాంటివి బాగుచేస్తుందటండీ."

 మర్నాడు పెట్టెని తువ్వాల్లో చుట్టి ఆటో ఎక్కాను. వెనకాల అతని మోటార్ సైకిల్ వస్తూనే ఉంది. వేమగిరి దాటాక ఆటోవాడు అద్దంలో చూసి "ఎవరో మనల్నే వెంటబడుతున్నారండీ" అన్నాడు. "రానీ" అన్నాను.

రూబీ షాపు మేడ మీద. ముప్పై దాటిన మనిషి. మాటకి ముందు నవ్వు వస్తుంది, అది నాకు నచ్చలేదు. తువ్వాలు విప్పగానే పసుపూ బొట్లూ చూసింది.

"బాబాయ్ గారూ, దీనికి పెళ్లి చేశారా ఏంటండీ?"

"నేను కాదు. గుమ్మంలో ఉన్నాడు చూడు, పెళ్లిపెద్ద."

లోకనాథ్ లోపలికి రాబోయాడు. అక్కడే ఉండమన్నాను. గడప మీద ఆగాడు. జరిగింది ఆమెకి అతనే చెప్పాడు, దాచకుండా చెప్పాడు. ఆమె నవ్వు ఆగింది.

"డిస్కులు ఎవరైనా బయటికి తీశారా?"

అతను నా వైపు చూసి తల దించుకున్నాడు. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. దసరా మధ్యాహ్నమే, నాకింకా చెప్పకముందు, పెట్టె ఎత్తుకుని కడియంలో ఒక సెల్‌ఫోన్ల షాపుకి పోయాడట. వాడు ఒక డిస్కు తీసి తన కంప్యూటర్‌కి తగిలించాడట. ఇది ఖాళీ డిస్కులా ఉంది, సిద్ధం చెయ్యమంటావా అని కంప్యూటర్ అడిగిందట.

"చేశారా?" రూబీ గొంతు మారింది.

"లేదండీ. నాకెందుకో భయమేసింది. అతని చెయ్యి పట్టేసుకున్నానండీ. తిట్టాడు."

"ఆ చెయ్యి పట్టుకోబట్టే ఈ రోజు ఇక్కడికి రాగలిగారు. సిద్ధం చెయ్యడమంటే మొత్తం తుడిచెయ్యడమండీ."

 రెండు తప్పులు చేసి మూడోది చెయ్యకుండా ఆగినవాణ్ణి మెచ్చుకోవడం నాకు తెలియదు.

రూబీ నాకు విడమరిచి చెప్పింది. పెట్టెలో రెండు వేరువేరు చోట్లున్నాయట. ఆవిడ గొంతు ఉన్నది డిస్కుల్లో. డిస్కుల్ని ఎలా చదవాలో పెట్టెకి చెప్పే బుద్ధి మరోచోట, చిన్న చిప్పులో ఉంటుంది. కొత్త బుద్ధి సగం ఎక్కాక కరెంటు పోయింది. పాతదీ లేదు, కొత్తదీ పూర్తిగా లేదు. "కరెంటిస్తే వేడెక్కుతుంది, ఇంకేం చెయ్యదు. దీన్ని మేం ఇటుక అయిపోయిందంటామండీ."

నాకు అర్థమైంది. అంటు కట్టిన చోట పైకొమ్మ ఎండిపోయింది. కింద వేరు పచ్చిగానే ఉండొచ్చు. ఉండకపోవచ్చు.

"వస్తుందా?" అన్నాను.

"రావచ్చండీ. రాకపోతే డిస్కుల్ని వేరే దారిలో చదవాలి. అదీ కుదరకపోతే అప్పుడు తిట్టండి. ఇప్పుడే మొదలెట్టకండి, చెయ్యి వణుకుతుంది."

డిస్కులు రెండూ తీసి, ఎడమది ఏదో కుడిది ఏదో కాగితం అంటించి, బీరువాలో పెట్టి తాళం వేసింది. పెట్టెకి ఎలా బుద్ధి చెప్పినా అది వాటి జోలికి పోకుండా అన్నమాట. ఆ జాగ్రత్త చూశాక ఆమె నవ్వు గురించి నేను పట్టించుకోలేదు.

పెట్టె అడుగున ఉన్న మోడల్ నంబరు అక్షరం అక్షరం చదివి, దానికి సరిపోయే సాఫ్ట్‌వేర్ కంపెనీ సైటు నుంచి తెచ్చుకుంది. పెట్టెకీ తన ల్యాప్‌టాప్‌కీ ఒక తీగ కలిపింది. పెట్టె వెనక సూది దూరేంత కన్నం ఉంది. అందులో పిన్ను గుచ్చి నొక్కి పట్టుకునే స్విచ్చి వేయాలట. అలా చేస్తే చచ్చిన పెట్టె కూడా ఒక్క క్షణం చెవి ఒగ్గి వింటుందట. ఆ క్షణంలో ల్యాప్‌టాప్ చెప్పాల్సింది చెప్పెయ్యాలి.

ఆ రోజు ఆ వీధిలో ఎక్కడో లైను పని జరుగుతోంది. కరెంటు వస్తూ పోతూ ఉంది. రూబీ అన్నీ యూపీఎస్ మీద పెట్టింది. నేను లేచి వెళ్లి స్విచ్చిబోర్డుకి అడ్డంగా నిలబడ్డాను.

"కూర్చోండి బాబాయ్ గారూ. ఎవరూ ముట్టుకోరు."

"ఎవరూ ముట్టుకోరనే మొన్నా అనుకున్నాను."

మొదటిసారి నొక్కింది. ఏమీ కాలేదు. మళ్లీ నొక్కింది. లైటు ఒకసారి మినుకుమని ఆరిపోయింది. రూబీ పెట్టెని తిట్టింది. కంపెనీని తిట్టింది. ఆ తర్వాత గోళ్లు కొరుకుతూ కాసేపు చదువుకుంది. కొత్తది ఎక్కిస్తుంటేనే కదా చెడింది, మళ్లీ కొత్తదే ఎందుకు పెడుతున్నానని తనని తాను అడిగింది. పెట్టె కొన్నప్పుడు అందులో ఉన్న పాత సాఫ్ట్‌వేర్ వెతికి తెచ్చింది. పిన్ను గుచ్చింది, స్విచ్చి వేసింది. ఈసారి పసుపు రంగు లైటు వెలిగి ఆగకుండా కొట్టుకోవడం మొదలెట్టింది.

"విందండీ," అంది. "ఇప్పుడు ఎక్కుతోంది. ఇప్పుడు దీన్ని దేవుడొచ్చినా ముట్టుకోకూడదు."

అప్పుడే కరెంటు పోయింది. యూపీఎస్ కీచుకీచుమంది. లైటు మాత్రం ఆగలేదు. గడప మీద లోకనాథ్ కళ్లు మూసుకున్నాడు.

అంటు కట్టాక కవర్ చుట్టి వదిలేస్తాం. అతికిందో లేదో చూద్దామని ముందే విప్పినవాడు దాన్ని చంపుకుంటాడు. పనిలో చేరిన ప్రతివాడూ మొదట్లో ఒకటైనా విప్పి చంపుతాడు. నేనూ రామతులసీ ఆ తొందరపాటు మీదే ఎన్నోసార్లు కూలీల్ని తిట్టాం. ఆ షాపులో నిలబడి ఆ లైటు చూస్తుంటే నాకు అడగాలనిపించింది, అతికిందా అని. అడగలేదు. నోరు మూసుకుని నిలబడటం కూడా పనేనని నాకు తెలుసు.

లైటు కొట్టుకోవడం ఆపి నిలకడగా వెలిగింది. తర్వాత ఆకుపచ్చగా మారింది. రూబీ వేళ్లు విరుచుకుంది. బీరువా తీసి డిస్కులు తెచ్చి, ఎడమది ఎడమ, కుడిది కుడి పెట్టింది. తెర మీద ఏదో అడిగింది.

"ఇందులో పాత డిస్కులు కనబడుతున్నాయి, అలాగే ఉంచనా, కొత్తగా మొదలుపెట్టనా అంటోందండీ. అలాగే ఉంచమని నొక్కుతున్నాను. చూడండి, చదివి నొక్కుతున్నాను. మీరు అవునంటేనే."

"అవును."

నొక్కింది. కొంచెంసేపటికి ఫోల్డర్లు వచ్చాయి. 'మాట' ఉంది. రూబీ మొదట ఉన్నదాన్ని తెరిచింది.

"అండీ, మీరు పోయినసారి ఇచ్చినవి సగం ఎండిపోయాయండీ."

"ఎండవూ? మీరు మొక్కకి నీళ్లు పోశారా, మొహమాటం పోశారా?"

ప్రింటరు బాగు చేయించుకోడానికొచ్చి బల్ల మీద కూర్చున్న పెద్దమనిషి పకపకా నవ్వాడు. "ఎవరండీ ఆవిడ?" అన్నాడు.  గడప మీద లోకనాథ్ గోడకి ఆనుకుని కిందికి జారి కూర్చుండిపోయాడు. ఒక్కసారిగా ఏడ్చాడు. మగవాడు అలా ఏడవడం చూడ్డం బావుండదు. నేను తెర వైపు తిరిగాను. ఒక్కొక్కటీ తెరిపించి విన్నాను. గరుడవర్ధనాల దగ్గరికి వచ్చేసరికి రూబీని శబ్దం తగ్గించమన్నాను. అది నాకు చెప్పింది, ఆ పెద్దమనిషికి కాదు.

"అన్నీ ఉన్నాయా బాబాయ్ గారూ?"

"ఉన్నాయి."

"అయితే ఇప్పుడు నేను చెప్పేది వినండి. దీనికి కాపీ కావాలి."

"రెండు డిస్కులున్నాయి కదా. ఒకటి పోయినా ఇంకోటి ఉంటుందని చెప్పే అమ్మారు."

"ఒకే పడవలో ఎక్కిన ఇద్దరండీ వాళ్లు. పడవ మునిగితే ఇద్దరూ మునుగుతారు. వరదొచ్చినా, పిడుగు పడినా, ఇంకో ఆయుధపూజ వచ్చినా. కాపీ ఇంకో ఇంట్లో ఉండాలి. మీకు కావలసినవాళ్ల ఇంట్లో. ఎవరున్నారు?"

నేను ఆలోచించాను. ఎవరూ తట్టలేదు. మా వైపు అన్నదమ్ములతో మాటలు లేవు. స్నేహితులు లేరు. ఆవిడ గొంతు ఎవరికివ్వాలి? ఎవరు దాన్ని ఉంచుతారు, ఫోన్లో చోటు చాలలేదని చెరిపెయ్యకుండా?

"నాకివ్వండి బావగారూ," అన్నాడు లోకనాథ్ కింద కూర్చునే.

"నీకెందుకు?"

"అక్క గొంతు నా దగ్గరా లేదండీ. ఆ ముక్కలన్నీ కత్తిరించి దాచింది నేను. అక్క పోయాక మీరు తలుపేసుకుని వింటారు. నాకు ఒక్కసారి కూడా వినిపించలేదు."

"నువ్వడగలేదు."

"అడిగితే ఇచ్చేవారా?"

రూబీ కీబోర్డు మీద వేళ్లు తీసేసింది. ప్రింటరు పెద్దమనిషి కూడా ఇటే చూస్తున్నాడు. నేను అతని మాట గురించి ఆలోచించాను. ఇచ్చేవాణ్ణి కాదు. అందులో తప్పేం కనబడలేదు నాకు. ఆవిడ నా భార్య. కానీ ఇంకొకటి కూడా కనబడింది. ఆ పెట్టె వెలగనప్పుడు ఈ భూమ్మీద దాని కోసం నిద్ర మానుకున్న ఇంకో మనిషి ఉంటే, అతను గేటు బయట నిలబడ్డవాడే. దాన్ని చంపినవాడూ అతనే. ఈ ఇద్దరూ ఒకే మనిషి ఎలా అయ్యారో నాకు తెలియదు. తెలుసుకోవాలనీ లేదు. కాపీ పెట్టడానికి వేరే ఇల్లు లేదు. అంతే.

"ఇంకో డిస్కులోకి ఎక్కించమ్మా," అన్నాను.

చేతిలో పట్టేంత డిస్కులోకి రూబీ అంతా ఎక్కించింది. ఒకటి రెండు తెరిచి సరిగ్గా ఉన్నాయని చూపించింది. గరుడవర్ధనాలది తీసెయ్యమందామనుకున్నాను. మాట నోటిదాకా వచ్చాక ఊరుకున్నాను. ఉంటే అన్నీ ఉండాలి.

"అయితే బావమరిదిని క్షమించేసినట్టేనా బాబాయ్ గారూ?" అంది రూబీ, మళ్లీ ఆ నవ్వుతో.

"కాపీకీ క్షమాపణకీ సంబంధం లేదమ్మా. వరదకి భయపడి ఇస్తున్నాను."

ఆటోలో పెట్టె నా ఒళ్లో ఉంది. డిస్కు చొక్కా జేబులో ఉంది. మోటార్ సైకిల్ వెనకాలే వచ్చింది. వేమగిరిలో ఆటో ఆపించాను. అతను దిగి దగ్గరికొచ్చాడు. డిస్కు తీసి ఇచ్చాను. రెండు చేతులతో పుచ్చుకున్నాడు.

"దీన్ని పూజలో పెట్టకు."

"పెట్టనండీ."

"పసుపు రాయకు."

"రాయనండీ. బావగారూ, ఆ రోజు నేను..."

"ఆపు. గొంతు వస్తే పన్లోకి రమ్మన్నాను. వచ్చింది. రేపు పొద్దున్నే రా. గన్నవరం లారీకి మొక్కలెక్కించాలి."

"వస్తానండీ. కానీ ఒక్క మాట చెప్పనివ్వండి. నేను కావాలని..."

"చెప్పొద్దు. నీ తప్పు లేదనను, క్షమించాననీ అనను. నువ్వు మళ్లీ అడిగితే ఆ గేటు మళ్లీ మూస్తాను."

ఆటో కదిలింది. మర్నాడు అతను వచ్చాడు. లారీ ఎక్కించాడు. పంతులుగారు ఆ వారంలోనే కనబడి, పెట్టె బాగయిందటగా, ఎలా బాగయింది అని అడిగారు. మొక్కలు కావాలా అని అడిగాను. కూలీలు అడిగారు, వాళ్లని పనిలోకి పొమ్మన్నాను. లోకనాథ్ భార్య ఫోన్ చేసి, ఇంట్లో రోజూ వదినగారి గొంతు వింటున్నామని ఏదో చెప్పబోయింది. ఫోన్ పెట్టేశాను.

ఇది ఒక్కసారి రాశాను, ఎవరూ మళ్లీ అడగకుండా ఉండడానికి. ఆ పెట్టె గురించి నేను ఇక ఎవరితోనూ మాట్లాడను.